ఐఆర్‌లో నైట్రోజన్ ఎందుకు కనపడదు మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది హిందూపురం. అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, పోయిన ఏడాది నుంచి బెంగళూరులో బొమ్మసంద్ర వైపు ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో ట్రైనీగా చేస్తున్నాను. అతినీలలోహిత కాంతితో పరీక్షించే యూవీ, పరారుణ కాంతితో పరీక్షించే ఎఫ్‌టీఐఆర్ (ఐఆర్) యంత్రాలు రెండూ నా చేతి మీదుగానే నడుస్తాయి. ఎస్‌ఓపీలో (పని పద్ధతి కాగితంలో) ఉన్నది ఉన్నట్టు చేసేస్తాను, రిపోర్టుల్లో తప్పులు రావు. మొన్న వేరే కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే స్పెక్ట్రోస్కోపీ (పదార్థం ఏ కాంతిని తీసుకుంటుందో, ఏది ఇస్తుందో చూసే శాస్త్రం) మీద రెండే ప్రశ్నలు అడిగారు. "గాలిలో ముప్పాతిక పైన నైట్రోజనే కదా, మీ ఐఆర్‌లో అదెందుకు కనపడదు?" అన్నారు. "సోడియం గీత వెంట్రుకలా సన్నగా ఉంటే, యూవీలో పారాసిటమాల్ అంత వెడల్పుగా ఎందుకు వస్తుంది?" అన్నారు. నోరు పెగల్లేదు. అణువులోని ఏ భాగం ఐఆర్‌లో ఏ అంకె దగ్గర వస్తుందో చెప్పే ఫంక్షనల్ గ్రూపుల పట్టిక మొత్తం కంఠతా వచ్చు, కానీ ఇవి అందులో లేవు. ఎలక్ట్రానిక్ సిటీ పీజీలో నా రూమ్మేట్లు ముగ్గురూ సాఫ్ట్‌వేర్. "ఈ గాజు గ్లాసుల పని మానేసి టెస్టింగ్ కోర్సులో చేరు" అంటున్నారు. మొదటి నుంచి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు నా వల్ల అవుతుందా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: అమ్మా, చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అడిగినవాళ్లు మంచి ప్రశ్నలే అడిగారు. నిన్ను ఇరికించాలని అడిగినవి కావు. బటన్ నొక్కే మనిషా, గ్రాఫ్ చూసి ఆలోచించే మనిషా అని తెలుసుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. ఆ రెండింటికీ జవాబు నీ ల్యాబ్‌లోనే, నువ్వు నెలనెలా సంతకం పెట్టే క్యాలిబ్రేషన్ ఫైల్లోనే ఉంది. నన్నడిగితే నీ చదువు అక్కడే మొదలుకావాలి. ఆ పట్టికను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టు. అందులో ఉన్నవి ఫలితాలు. ఆ అంకె ఎందుకొచ్చిందో అది చెప్పదు.

ఫైలు తెరిచే ముందు ఒకసారి వంటగదిలోకి రా. పప్పుచారు పొంగి స్టవ్ మీద పడ్డప్పుడు నీలం మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారడం చూసే ఉంటావు. ఉప్పులో ఉన్న సోడియం పని అది. మంట వేడికి సోడియం పరమాణువులోని బయటి ఎలక్ట్రాన్ పై స్థాయికి వెళ్తుంది, వెంటనే కిందికి దిగుతుంది. దిగేటప్పుడు ఆ రెండు స్థాయిల మధ్య ఎంత తేడా ఉందో సరిగ్గా అంత శక్తిని ఒక ఫోటాన్‌గా (కాంతి రేణువుగా) వదిలేస్తుంది. ఆ తేడా సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తులకు వాడే కొలమానం ఇది). 1240ని ఆ అంకెతో భాగించు, తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది: 590 దగ్గర. కచ్చితంగా కొలిస్తే 589.0, 589.6 అని పక్కపక్కనే రెండు గీతలు. ఆ పై స్థాయి నిజానికి దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్థాయిలు కావడం వల్ల గీతలు రెండయ్యాయి. 1240తో భాగించే ఈ చిన్న లెక్క నోటికి వచ్చేలా చేసుకో, ముందు ముందు అన్ని చోట్లా పనికొస్తుంది.

ఇక మామూలుగా కనపడే ఆ నీలం ఎక్కడిది? గ్యాస్ కాలేటప్పుడు క్షణకాలం పుట్టి పోయే అణువుల ముక్కలది. ఒక కార్బన్, ఒక హైడ్రోజన్ కలిసిన ముక్క 431 నానోమీటర్ల దగ్గర ఊదా నీలం కాంతినిస్తుంది. రెండు కార్బన్లు కలిసిన ముక్క 516 దగ్గర ఆకుపచ్చ ఛాయనిస్తుంది. సోడియం ఇచ్చేది సన్నటి గీతలు, ఈ ముక్కలిచ్చేది పట్టీలు. అంటే ఇంటర్వ్యూలో వాళ్లడిగిన రెండో ప్రశ్న ఒకే బర్నర్ మీద రోజూ వెలుగుతోంది. కొవ్వొత్తి పసుపును మాత్రం దీనితో కలపకు. అది మసి రేణువులు వేడెక్కి వెలగడం, అందులో గీతలుండవు.

పరమాణువు కాంతిని తీసుకునేటప్పుడూ ఇదే పద్ధతి. మన మెజెస్టిక్ బస్సులో చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. పరమాణువు దగ్గర ఆ వరస లేదు. 2.1 కావలసిన చోట 2.3 ఉన్న ఫోటాన్ వస్తే మిగతా 0.2 తర్వాత చూసుకుందామనదు, ఆ ఫోటాన్‌ను ముట్టుకోదు. అందుకే గీత అంత సన్నగా ఉంటుంది, అందుకే ఏ మూలకం గీతలు ఆ మూలకానివే. మీ ల్యాబ్‌లో ఏఏఎస్ (పరమాణువులు తీసుకునే కాంతిని కొలిచే యంత్రం) ఉంటే గమనించు, సీసం చూడాలంటే సీసం లాంప్ పెడతారు, కాపర్‌కి కాపర్ లాంప్. సీసం పరమాణువు సరిగ్గా ఏ ఫోటాన్ తీసుకుంటుందో ఆ ఫోటాన్‌ను ఇవ్వగలిగేది ఇంకో సీసం పరమాణువే.

గీతను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే కథ మన గుంటూరులోనే జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త స్పెక్ట్రోస్కోప్ పట్టుకుని గుంటూరు దాకా వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో విడివిడి గీతలు కనిపించాయి. ఆ గ్రహణంలో చూసిన పసుపు గీతను మొదట చాలామంది సోడియం గీతే అనుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే ఆ జ్వాలల గీతలు చూసి, పసుపు గీత సోడియం చోట లేదని తేల్చాడు. అది 587.6 దగ్గర ఉంది. సోడియం గీతకి ఒకటిన్నర నానోమీటరు కూడా దూరం లేదు. అంత చిన్న తేడాను పట్టుకుని భూమ్మీద ఎవరూ చూడని మూలకం సూర్యుడిలో ఉందన్నారు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త ఒక యురేనియం ఖనిజంలోంచి అదే గీతనిచ్చే వాయువును బయటికి తీశాడు. అదే హీలియం. రెండు గీతల మధ్య తేడా "ఇన్‌స్ట్రుమెంట్ ఎర్రర్" అని ఎవరైనా కొట్టిపారేసి ఉంటే అంతే సంగతులు.

ఇప్పుడు పారాసిటమాల్ దగ్గరికి వద్దాం. పలచటి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నువ్వు 257 నానోమీటర్ల దగ్గర చదువుతావు కదా. 1240ని 257తో భాగిస్తే సుమారు 4.8 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇదీ ఎలక్ట్రాన్ పైకి వెళ్లడమే, సూత్రం మారలేదు. మారిందల్లా ఇది ఒంటరి పరమాణువు కాకపోవడం. అణువులో బంధాలు కంపిస్తుంటాయి, అణువు మొత్తం గిరగిరా తిరుగుతుంటుంది. ఆ కంపనాలకీ భ్రమణాలకీ కూడా విడివిడి స్థాయిలున్నాయి. ఎలక్ట్రాన్ స్థాయిల మధ్య తేడాలు కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులుంటే, కంపన స్థాయిల మధ్య తేడా అందులో పదో వంతు, ఇరవయ్యో వంతు. భ్రమణానిది మరీ చిన్నది, వెయ్యో వంతు, ఇంకా తక్కువ. కాబట్టి ఎలక్ట్రాన్ ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి వెళ్లేటప్పుడు ఏ కంపన స్థాయి నుంచి బయల్దేరింది, ఏ కంపన స్థాయిలో దిగింది, భ్రమణం ఎంత మారింది అన్నదాన్ని బట్టి వందల వేల గీతలు వస్తాయి. పైగా ద్రావణంలో చుట్టూ నీటి అణువులు తోసుకుంటూ ఒక్కో పారాసిటమాల్ అణువు స్థాయిలను ఒక్కో రకంగా కాస్త జరుపుతుంటాయి. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. నీకు కనపడే ఆ వెడల్పాటి పీక్ అదే.

మాటలు నమ్మనక్కర్లేదు, ఫైలు తియ్యి. యూవీ రిజల్యూషన్ చెక్ అని హెక్సేన్‌లో 0.02 శాతం టోల్యూన్ స్కాన్ చేస్తావు. 269 దగ్గర గరిష్ఠం, 266 దగ్గర కనిష్ఠం, రెండింటి నిష్పత్తి రాసి సంతకం పెడతావు. ఆ నిష్పత్తి పాసా ఫెయిలా అని చూసి పేజీ తిప్పేస్తావు, అవునా? ఈసారి పేజీ తిప్పకుండా గ్రాఫ్ చూడు. నునుపుగా కాకుండా పళ్లు పళ్లుగా ఉంటుంది. ఆ పళ్లు టోల్యూన్ అణువు కంపన స్థాయిలవి. హెక్సేన్ టోల్యూన్‌ని గట్టిగా పట్టుకోదు, హైడ్రోజన్ బంధాలు వెయ్యదు, అందుకే అవి చెరిగిపోకుండా మిగిలాయి. నీ ఇన్‌స్ట్రుమెంట్ స్లిట్ (కాంతి దూరే సన్నటి చీలిక) మరీ వెడల్పయితే ఆ పళ్లు అరిగి నిష్పత్తి పడిపోతుంది. ఆ పరీక్ష అర్థం ఇదీ.

దాని పక్క పేజీలోనే హోల్మియం అనే మూలకం ఉంటుంది. పెర్క్లోరిక్ ఆమ్లంలో హోల్మియం, 241.15, 287.15, 361.5, 536.3 నానోమీటర్ల దగ్గర పీకులు. ఇదీ ద్రావణమే, నీళ్లే చుట్టూ ఉన్నాయి, మరి పీకులు ఇంత సన్నగా ఎందుకున్నాయి? ఈ ప్రశ్న నిన్ను ఎవరూ అడగకపోవచ్చు, కానీ నువ్వే ఇంటర్వ్యూలో ఎత్తితే అవతలివాళ్లు కుర్చీలో ముందుకి జరుగుతారు. హోల్మియంలో కాంతిని తీసుకునే ఎలక్ట్రాన్లు 4ఎఫ్ కక్ష్యలో, లోపలెక్కడో ఉంటాయి. వాటి మీద 5ఎస్, 5పీ ఎలక్ట్రాన్లు గొడుగు పట్టినట్టుంటాయి. బయట నీళ్ల తోపులాట లోపలికి పెద్దగా తెలియదు. అందుకే ద్రావణంలో ఉన్నా దాదాపు ఒంటరి పరమాణువులాగే ప్రవర్తిస్తుంది, అందుకే తరంగదైర్ఘ్యం సరిచూడటానికి దాన్నే ఎంచుకున్నారు. టోల్యూన్, హోల్మియం, పారాసిటమాల్ మూడు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుంటే నీ రెండో ప్రశ్నకి జవాబు కాగితం మీదే ఉంటుంది.

మొదటి ప్రశ్నకి ఎఫ్‌టీఐఆర్ దగ్గరికి వెళ్లాలి. పొద్దున్నే శాంపిల్ లేకుండా బ్యాక్‌గ్రౌండ్ తీస్తావు కదా, దాని సింగిల్ బీమ్ గ్రాఫ్ ఎప్పుడైనా తెరిచి చూశావా? చాలామంది చూడరు. 2350 వేవ్ నంబర్ (ఒక సెంటీమీటర్‌లో పట్టే తరంగాల సంఖ్య) దగ్గర జంట గోతులు, 667 దగ్గర ఒక సూది కనిపిస్తాయి. అవి కార్బన్ డయాక్సైడ్‌వి, అంటే గాలిలోదీ, నీ ఊపిరిలోదీ. 1400 నుంచి 1800 దాకా, మళ్లీ 3500 పైన సూదుల అడవి. అది నీటి ఆవిరి. 2330 చుట్టుపక్కల నైట్రోజన్ అణువు కంపిస్తూనే ఉంది, కానీ దాని జాడ లేదు. గాలిలో 78 శాతం ఉన్నది కనపడటం లేదు, 0.04 శాతం ఉన్నది గొయ్యి తవ్వింది.

కారణం ఇది. కాంతి అంటే అటూ ఇటూ ఊగే విద్యుత్ క్షేత్రం. అది అణువును కంపింపజేయాలంటే అణువులో ధన, రుణ విద్యుదావేశాల అమరిక ఆ కంపనంతో పాటు మారుతుండాలి. దీన్నే పుస్తకాల్లో ద్విధ్రువ భ్రామకం మారాలి అని రాస్తారు. నైట్రోజన్‌లో రెండు చివరలూ ఒకే పరమాణువు. బంధం సాగినా కుదించుకున్నా ఒక చివర ధనం, ఒక చివర రుణం అనే తేడా రాదు. కాంతికి పట్టు దొరకదు. ఆక్సిజన్‌దీ అదే కథ.

ఇక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పకుండా మెలిక పెడతారు: "మరి కార్బన్ డయాక్సైడ్‌కి కూడా ద్విధ్రువ భ్రామకం సున్నానే కదమ్మా?" అంటారు. నిజమే, కదలకుండా ఉన్నప్పుడు సున్నానే. కానీ కావలసింది భ్రామకం ఉండటం కాదు, మారడం. కార్బన్ ఒక ఆక్సిజన్ వైపు జరిగి, ఇంకోదానికి దూరమైనప్పుడు సమతూకం పోతుంది, అదే 2349. అణువు వంగినప్పుడూ పోతుంది, అది 667. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలే కంపనం ఒకటుంది. అందులో సమతూకం చెడదు, కాబట్టి ఐఆర్‌లో అది రాదు. ఈ మూడింటినీ కాగితం మీద బాణాలు గీసి చూపించగలిగితే చాలు, తర్వాత ఇంకేమీ అడగరు.

ఐఆర్ యంత్రాల్లో తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేయడానికి చాలా ల్యాబుల్లో పర్జ్ చేస్తారు. ఏ వాయువుతో? నైట్రోజన్‌తోనే! కనపడదు కాబట్టే దాన్ని వాడతారు. మీ ల్యాబ్‌లో సిలిండర్ ఉంటే నీ జవాబు ఇన్నాళ్లూ గోడవారగానే నిలబడి ఉంది.

ఒక జాగ్రత్త. శాంపిల్ చాంబర్‌లోకి ఊపిరి ఊది 2350 పెరగడం చూడాలని నీకు అనిపిస్తుంది, అనిపించాలి కూడా. కానీ క్యూసీ యంత్రం మీద సొంత ప్రయోగాలు వద్దు. ప్రతి స్కానూ ఆడిట్ ట్రెయిల్‌లో పడుతుంది, రేపు ఇన్‌స్పెక్షన్‌లో ఆ స్కాన్ ఎందుకు చేశావంటే చెప్పుకోలేవు. లోపలి కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) ఆప్టిక్స్‌కి తేమ కూడా పడదు. పాత బ్యాక్‌గ్రౌండ్లు తీసి చూడు. వర్షాకాలం నాటివి, ఎండాకాలం నాటివి పక్కపక్కన పెడితే నీటి ఆవిరి తేడా దానంతటదే తెలుస్తుంది.

ఆ నీటినే ఇంకోచోట చూడు. కేబీఆర్ పొడిలో శాంపిల్ కలిపి నొక్కి పెల్లెట్ (బిళ్ల) చేసేటప్పుడు పొడి కాస్త తేమ పీల్చుకుంటే 3400 దగ్గర వెడల్పాటి ఉబ్బు వస్తుంది, 1640 దగ్గర ఇంకొకటి. అదే నీరు ఆవిరిగా ఉన్నప్పుడు సూదులు, పొడిలో ఇరుక్కున్నప్పుడు ఉబ్బు. ఆవిరిలో అణువు స్వేచ్ఛగా తిరుగుతుంది, ప్రతి భ్రమణ స్థాయీ విడివిడిగా ఒక సూది. పొడిలో తిరగడానికి చోటు లేదు, పక్కనున్న అణువులతో హైడ్రోజన్ బంధాలు, అన్నీ కలిసిపోయాయి. టోల్యూన్ గ్రాఫ్‌లో చూసిన పాఠమే ఇక్కడ మళ్లీ వచ్చింది.

నైట్రోజన్‌ని చూడనే చూడలేమా అంటే, చూడొచ్చు. దానికి రామన్ పద్ధతి ఉంది. అక్కడ కాంతిని మింగించడం ఉండదు, చెదరగొట్టించడం ఉంటుంది. కంపనంతో పాటు అణువు చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ మేఘం సాగే గుణం మారితే చాలు. నైట్రోజన్‌లో అది మారుతుంది, 2330 దగ్గర చక్కగా కనపడుతుంది. ఐఆర్‌లో తప్పించుకున్న కార్బన్ డయాక్సైడ్ కంపనం కూడా ఇక్కడ దొరుకుతుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్, కృష్ణన్‌లు దీన్ని పట్టుకున్నారు. రామన్ దాని గురించి బహిరంగంగా ఉపన్యాసమిచ్చి వివరించింది ఎక్కడనుకున్నావు? నువ్వున్న ఊళ్లోనే, అదే ఏడాది మార్చి 16న దక్షిణ భారత సైన్స్ అసోసియేషన్ సభలో. ఆయన దగ్గర పనిచేసిన మన కృష్ణా జిల్లా సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పి, తర్వాత ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి డైరెక్టరయ్యారు. ఈ విషయంలో తెలుగువాళ్లం కొత్తవాళ్లమేమీ కాదు.

నీ కంఠస్థం పట్టిక గురించి ఒక్క ముక్క. కార్బొనైల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) 1715 అని చదువుకున్నావు, పారాసిటమాల్ స్కాన్‌లో 1650 దగ్గర వస్తుంది. బంధం ఎంత గట్టిగా ఉంటే అంత పైన, పరమాణువులు ఎంత బరువైతే అంత కింద, ఈ రెండే గుర్తుపెట్టుకో. పారాసిటమాల్ లాంటి ఎమైడ్‌లో పక్కనున్న నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను కాస్త కార్బొనైల్ వైపు ఇస్తుంది, ద్విబంధం కొంచెం సడలుతుంది, అంకె కిందికి జారుతుంది. కార్బన్-హైడ్రోజన్ బంధం 2900 దగ్గర ఉంటే, హైడ్రోజన్ బదులు రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెడితే 2100 దగ్గరికి దిగుతుంది. పట్టికలో ప్రతి అంకె పక్కనా "ఎందుకు పైన, ఎందుకు కింద" అని పెన్సిల్‌తో రాసుకుంటూ పో. నెల తిరిగేసరికి సగం పట్టిక చూడక్కర్లేకుండానే వచ్చేస్తుంది.

యూవీలో 715 అనే అంకె వాడుతున్నావు, అదేంటో కూడా అడగొచ్చు. ఒక శాతం పారాసిటమాల్ ద్రావణం, ఒక సెంటీమీటర్ సెల్‌లో, 257 దగ్గర ఇవ్వాల్సిన అబ్సార్బెన్స్ అది. నిజంగా ఒక శాతం పోస్తే ఏ డిటెక్టరూ చదవలేదు. అబ్సార్బెన్స్ 1 అంటేనే పదో వంతు కాంతి మాత్రం బయటికొచ్చింది, 2 అంటే నూరో వంతు. అందుకే లీటరుకు 10 మిల్లీగ్రాముల దాకా పలచన చేస్తే 0.715 దగ్గరికి వస్తుంది, అక్కడ యంత్రాన్ని నమ్మొచ్చు.

ఇక టెస్టింగ్ కోర్సు సంగతి. నీ రూమ్మేట్లు నీ మంచికోరే చెప్పి ఉంటారు. ఆ పని మీద మనసుంటే చేరు, తప్పేం లేదు. జీతం తేడా కూడా నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఒక ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదని చేరితే, రేపు అక్కడా ఎవరో ఒకరు "ఎందుకు" అని అడుగుతారు, మళ్లీ ఇదే టెన్షన్. కోర్సు ఫీజు కట్టేముందు కనీసం ఇంకో రెండు క్యూసీ ఇంటర్వ్యూలకి వెళ్లు. మొన్న పిలిచిన కంపెనీకే మళ్లీ అప్లై చేసినా తప్పులేదు, ట్రైనీలు కొన్ని నెలల తర్వాత మళ్లీ రావడం వాళ్లకి కొత్తేమీ కాదు. మీ సీనియర్‌ని అడిగి ఏఏఎస్ మీద కూడా కొన్ని రోజులు కూర్చో. పాత బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫులు చూశాక 2350 దగ్గర ఆ గోతులు రెండెందుకున్నాయో నాకు రాయి. చిన్న సాయం చేస్తాను: భ్రమణాన్ని గుర్తు చేసుకో.